పదకొండు బొగ్గుముక్కలు

ఖాట్మండూ నుంచి వచ్చిన పిల్ల బడి ముంగిలంతా ఊడిపించి, "ఇవాళ మనందరం కలిసి ఈ నేలమీద మీ ఊరు వేద్దాం" అనగానే రింగేబాడా జనానికి నవ్వు ఆగలేదు. కళ్ళెదుట నిక్షేపంలా ఊరుండగా మళ్ళీ దాన్ని నేలమీద వేసుకోవడమేమిటని ఒకళ్ళ డొక్కలో ఒకళ్ళు పొడుచుకున్నారు. ఆ పిల్ల పేరు అస్మిత. కొండ ఎక్కి ఎక్కి ముక్కు ఎర్రబడిపోయినా మొహంలో నవ్వు మాత్రం చెరగలేదు. ప్రభుత్వం ఐదేళ్ళ ప్రణాళిక రాస్తోందిట, అందులో ఊరికి ఏమేం కావాలో ఊరివాళ్ళే చెప్పాలిట. ఆడవాళ్ళు చెప్పాలిట, ముసలివాళ్ళు చెప్పాలిట, దళితులు చెప్పాలిట. "ఎవ్వరూ మిగిలిపోకూడదు" అని పొద్దుటినుంచి పదిసార్లు అంది.

జౌకలా గోడ పక్కన, అందరికీ ఎడంగా, బొగ్గుల బుట్ట ముందు పెట్టుకుని కూచుంది. కమ్మరి మనిషి, ఆ కొండల్లో కమ్మరోళ్ళంటే అంటరానివాళ్ళు. మొగుడు పోయి ఆరేళ్ళయింది, అప్పటినుంచి కొలిమి ఆవిడదే. మరిది సుత్తి వేస్తాడు. తిత్తి ఊదడం, కొడవలికి పదును పెట్టడం ఆవిడ పని. పెద్దకులాలవాళ్ళుండే పై వాడలో ముప్ఫైనాలుగు ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో ఆవిడ చేతిమీదుగా పోని కొడవలి ఒక్కటి లేదు. కొడవలికి అంటు లేదు మరి, చేతికే ఉంది.

ఆవిడకి కావలసిందల్లా ఒక్కటి. కమ్మరి వాడలో ఒక కుళాయి. ఊరికున్న ఒకే ఒక ఊట పై వాడలో ఉంది. దాని గొట్టాన్ని కమ్మరోళ్ళు ముట్టుకోకూడదు. బిందె దూరంగా పెట్టి నిలబడితే, పై వాడ ఆడవాళ్ళు తమవి నింపుకున్నాక, బుద్ధి పుడితే ఎత్తి పోస్తారు. బుద్ధి పుట్టకపోతే కర్ణాలీ నది దాకా దిగాలి, గంట దిగుడు, రెండు గంటల ఎక్కుడు. పోయిన మాఘంలో జౌకలా కోడలు పబిసరా ఏడోనెల కడుపుతో బిందె వీపున వేసుకుని ఎక్కుతూ మంచుమీద జారింది. బిందె సొట్టపోయింది. బిడ్డ పోయింది. ఆ బిందె ఇంకా ఇంట్లోనే ఉంది, దాని సొట్ట తీయడానికి జౌకలాకి చేతులు రాలేదు. మళ్ళీ ఆ ఇంట్లో కడుపు పండేలోగా గుమ్మం ముందు నీళ్ళు ఉండాలి, అంతే ఆవిడ పంతం.

అస్మిత గుర్తులు చెప్పింది. ఇంటికో చిక్కుడు గింజ, పశువుల కొట్టానికో బొగ్గుముక్క, బాటలకి బూడిద, నీళ్ళకి నీలం ఉన్నిదారం. వార్డు అధ్యక్షుడు కర్ణజిత్ రోకాయా పెళ్ళాం దేవ్‌సరా చేటనిండా చిక్కుడు గింజలు తెచ్చింది. ఆ వారమే ఒలిచినవి, ఎర్రవి, నల్లవి, పులిచారలవి. కర్ణజిత్ తాతలనాటి పెద్దరికం వల్ల ఊరంతా ఆయన్ని నాన్నలా ముఖియా బా అంటారు, ఆవిడని అమ్మలా ముఖినీ ఆమా అంటారు. మొదట నవ్విన జనమే కాసేపట్లో ఒళ్ళు మరిచి ఊరు వేశారు. "ఒరే, నా ఇల్లు ఏట్లో పెట్టావేమిట్రా!" అని ఒకడు, "నీ తాగుడికి అదే సరి" అని ఇంకొకడు. పై వాడ గింజలన్నీ అమిరాయి, వాటి పక్కన కొట్టాల బొగ్గులు అమిరాయి.

"మరి ఆ మూల కూచున్న దిదీ? దిదీ, మీరు రండి. మీ వాడ మీరే వెయ్యాలి" అని అస్మిత చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చెయ్యి పట్టుకుంది! అందరి కళ్ళూ తనమీదే. జౌకలా వంగి చేటవైపు చెయ్యి చాపింది.

"ఏమే, ఆ గింజలు రాత్రికి మా కుండలో పడాలే" అంది దేవ్‌సరా. కోపంగా కూడా కాదు. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయి చూసుకో అన్నంత మామూలుగా అంది.

జౌకలా చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఎవరూ లాగలేదు, అదే వచ్చింది. నలభయ్యేళ్ళ అలవాటు. పంటకి ఆవిడ కూలి గింజలు కూడా అడుగు ఎత్తునుంచి కొంగులో పోస్తారు. నలుగురి సభలో, పట్నం పిల్ల ముందు, చేటెడు గింజలు మైలపరిచి మాట పడడమెందుకని తన బుట్టలోంచే బొగ్గులు తీసింది. ఎండు వాగు దాటాక, కింద వాలులో, కమ్మరి వాడ ఉన్నచోట ఒక్కొక్కటే పెట్టింది. పదకొండు ఇళ్ళు, పదకొండు బొగ్గులు. బొగ్గంటే పశువుల కొట్టం అని ఆవిడకి తెలియకపోలేదు. కానీ ఆ చోట ఏముందో ఊళ్ళో పుట్టినవాడికి ఎవడికి తెలీదు? పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అందుకే ఎవరూ నోరెత్తలేదు.

"ఎన్ని దిదీ?"

"పదకొండు, మిస్."

అస్మిత పుస్తకంలో రాసుకుని, వంగి ఉన్న జౌకలాని ఫొటో తీసింది. కిందికి దిగి ఒకసారి చూసొస్తానంది కూడాను. "ఆ దారి మంచిది కాదు మిస్, కాలు జారితే మాకు చెడ్డపేరు. పైగా మబ్బు పట్టింది, రేపటి విమానం అందుకోవద్దూ?" అన్నాడు కర్ణజిత్. మబ్బు నిజంగానే పట్టింది. సభ చివర, ఇళ్ళున్న ప్రతి వాడకీ కుళాయి రాస్తామని చెప్పి, నీళ్ళ పనులు చూసుకోడానికి ఓ కమిటీ వేసి జౌకలాని ఉపాధ్యక్షురాలిని చేశారు. దళిత ఆడది ఒకరుండాలని రూలుట. దేవ్‌సరా మనుషులు నేలమీంచి గింజలు ఏరుకుని చేటలో వేసుకుని వెళ్ళిపోయారు. బొగ్గులు అక్కడే ఉండిపోయాయి.

ఆ చలికాలమంతా జౌకలా పబిసరాని బిందె ముట్టనివ్వలేదు. కొడుకు దశైం పండక్కి వచ్చి, కార్తీకంలో కాలాపహాడ్‌కి, అంటే ఇండియాకి, కూలికి వెళ్ళిపోయాడు. పుష్యానికల్లా కోడలికి వేవిళ్ళు మొదలయ్యాయి.

"నేను తెస్తానత్తా, ఒక్క బిందె. నడుస్తుంటే నాకూ మంచిదిట" అనేది పబిసరా.

"నోర్మూసుకుని పొయ్యి చూడు. కుళాయి వచ్చాక నువ్వే తేవాలి, అప్పుడు నేను కాలుమీద కాలేసుకుని కూచుంటాను."

"కుళాయి వచ్చాక తేవడానికేముంది, గుమ్మంలోంచి చెయ్యి చాపితే సరి."

"అదిగో, అప్పుడే రాణిగారివి అయిపోయావు!"

ఇద్దరూ నవ్వుకునేవారు. జౌకలా మోకాళ్ళు రాత్రిళ్ళు సలుపుతుంటే పబిసరా వేడి బూడిద మూటకట్టి కాపడం పెట్టేది. చైత్రం వచ్చేస్తుంది, కుళాయి మంజూరు కాగితం వచ్చేస్తుంది అని ఆవిడ ఆ సలుపులోనే గొణుక్కునేది.

చైత్రంలో కాగితం వచ్చింది. కాగితం కాదు, పుస్తకం. నున్నటి అట్ట, అట్టమీద రంగుల్లో జౌకలా! వంగి బొగ్గు పెడుతున్న చెయ్యి, వెనక నవ్వుతున్న ఊరు. కమ్మరి వాడ వాడంతా విరగబడింది. "మన జౌకలా మంత్రి అయిపోయిందిరోయ్!" అని మరిది డోలు తెచ్చి వాయించాడు. ఏడో తరగతి దాకా చదువుకున్నది పబిసరా ఒక్కతే. ఆ పిల్ల గుమ్మంలో కూచుని వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. పై వాడకి ఆరు కుళాయిలు. బడికి ఒకటి. ఆరోగ్య కేంద్రానికి ఒకటి. అక్కడ వేలు ఆగింది.

"చదవవే."

"అత్తా..."

"ఏమిటే?"

"వాగు కింద... పశువుల కొట్టాలు పదకొండు అని ఉంది. పశువులకి నీళ్ళతొట్టి ఒకటి."

డోలు ఆగిపోయింది. ఎవరో అర్థంకాక నవ్వారు. జౌకలాకి మాత్రం వెంటనే అర్థమైంది, చెంపమీద ఎవరో ఈడ్చి కొట్టినట్టు. తన చేత్తో తనే పెట్టింది. తన ఇల్లు తనే కొట్టం చేసింది. ఎవడో చేసుంటే వాణ్ణి తిట్టుకుని ఏడ్చేది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

అయినా తిన్నగా ముఖియా ఇంటికే వెళ్ళింది. ముంగిట్లో, గీత దాటకుండా నిలబడింది.

"నేను పెట్టినవి ఇళ్ళని మీకు తెలీదా, ముఖియా బా?"

కర్ణజిత్ హుక్కా పక్కన పెట్టాడు. "నాకెందుకు తెలీదే. అందరికీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఆ పిల్లకి తెలీదని నాకేం తెలుసు? నువ్వే చెప్పావు పదకొండని. నేనేమైనా నీ చెయ్యి పట్టుకుని బొగ్గు పెట్టించానా?"

"గింజ తీయబోతే ముఖినీ ఆమా..."

"నేనేమన్నానే?" అని లోపలినుంచి దేవ్‌సరా. "గింజలు మా కుండలో పడాలన్నాను. అబద్ధమా? ఇంటికెళ్ళి నీ గింజలే తెచ్చుకుని పెట్టుకోవలసింది. మేము వద్దన్నామా?"

వద్దనలేదు. అదీ నిజమే. ఎవరూ ఏదీ వద్దనలేదు, అందుకే జౌకలా కడుపు అంత మండింది.

పాలికా ఆఫీసు, అదే గ్రామాల పంచాయతీ ఆఫీసు, రెండు రోజుల నడక. పుస్తకం గుడ్డలో చుట్టి, రాగిరొట్టెలు కట్టుకుని బయల్దేరింది. అక్కడి అధికారి మంచివాడే, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అట్టమీది ఫొటో చూసి, మనిషిని చూసి, "మీరేనా! మీ ఫొటో జిల్లా అంతా తిరిగింది" అని మురిసిపోయాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాక మాత్రం కలం బల్లమీద కొట్టుకుంటూ కూచున్నాడు.

"ఇది పాసైపోయింది దిదీ. ఇప్పుడు తప్పని రాస్తే ఆ వరుస మొత్తం ఆగుతుంది. మళ్ళీ సభ, మళ్ళీ సర్వే. ఐదేళ్ళ ప్రణాళిక కదా, మూడేళ్ళలో అయితే మీ అదృష్టం."

"తొట్టి?"

"తొట్టి కూడా పోతుంది. ఆషాఢంలోగా పని అవకపోతే రద్దే. ఉపాధ్యక్షురాలు మీరేగా, 'కొట్టాలు పదకొండు, సరిచూశాం' అని వేలిముద్ర వేస్తే వచ్చేవారం గొట్టాలు పంపిస్తాను." కాస్త గొంతు తగ్గించాడు. "నీళ్ళు నీళ్ళే కదా దిదీ. ఏ పేరుతో వస్తేనేం?"

జౌకలా టీ గ్లాసు కింద పెట్టింది. ఇంటి దగ్గర పబిసరాకి ఆరో నెల. మూడేళ్ళు. నది దారి. సొట్ట బిందె. ఆ వాడలో తను పుట్టలేదు గానీ అక్కడే కాపురానికొచ్చింది, అక్కడే కన్నది, అక్కడే మొగుణ్ణి సాగనంపింది. అవన్నీ కొట్టంలో జరిగాయని ముద్ర వెయ్యాలి.

వేసింది. సిరా తుడుచుకోమని అధికారి కాగితం ఇచ్చాడు. బొగ్గు మసి పేరుకున్న వేలుమీద సిరా కనపడనే లేదు.

ఆషాఢం చివర్లో తొట్టి కట్టారు. రెండు బారల పొడుగు, మోకాలెత్తు, సిమెంటుది. గొట్టం అడుగునుంచి వచ్చి కలుస్తుంది. "పైన చిన్న కుళాయి పెట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది" అని ఆడవాళ్ళు మేస్త్రీని బతిమాలుకున్నారు. "బొమ్మలో లేదమ్మా. పశువులు కుళాయి తిప్పుకుంటాయా?" అని నవ్వాడు వాడు. పోనీలే, ముంచుకుందాం అనుకున్నారు. మొదటిరోజు నీళ్ళు నిండినప్పుడు పబిసరా తొట్టి అంచుమీద కూచుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. "తియ్యవే కాళ్ళు, తాగే నీళ్ళు!" అని జౌకలా అరిచింది గానీ, ఆ అరుపులో కోపం లేదు. ఆరోజు మాత్రం, ఆ ఒక్కరోజు మాత్రం, ఆవిడకి తప్పు చేశానని అనిపించలేదు.

మూడోరోజు పొద్దున్న దేవ్‌సరా ఆవులు దిగాయి. వాటివెనక పై వాడ మందంతా దిగింది.

"ఇదేమిటి ముఖినీ ఆమా? ఇవి మేము తాగే నీళ్ళు."

"పశువుల తొట్టి అని రాసుంది కదే. ప్రభుత్వం మా పశువులకీ మీ పశువులకీ కలిపి ఇచ్చింది. పై నీళ్ళు మనుషులకే చాలడంలేదు."

"మేం ముట్టుకున్న నీళ్ళు మీ ఆవులు తాగొచ్చా?"

"పశువులకి అంటేమిటే, పిచ్చిదానా!" అంది దేవ్‌సరా.

ఆవుని అదిలించడానికి లేదు. పై వాడ పాడి ఆవుని కమ్మరి చెయ్యి తాకితే ఆ పాలు దేవుడికి పనికిరావు, ఆ తప్పు కట్టాల్సింది కమ్మరోళ్ళే. చేత్తో కాదు, కర్రతో కూడా కూడదు. కాబట్టి ఆవులు తాగినంతసేపూ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడాలి. చొంగ కలిసిన నీళ్ళు తేరుకున్నాక ముంచుకోవాలి. ఇదివరకు ఊట దగ్గర మనుషుల వెనక నిలబడేవారు. ఇప్పుడు ఆవుల వెనక. నది దిగడం తప్పిందిగా అని సర్దుకున్నారు. సర్దుకోక ఏం చేస్తారు?

శ్రావణంలో పబిసరా కంది. ఆడపిల్ల. క్షేమంగా, నిండుగా, గొంతు పగిలేలా ఏడ్చింది. మొదటి స్నానానికి నీళ్ళకని జౌకలా పరిగెత్తింది. తొట్టి చుట్టూ ఏడు ఆవులున్నాయి. అటు గుడిసెలో మనవరాలి ఏడుపు వినిపిస్తోంది, ఇటు ఆవులు తాపీగా తాగుతున్నాయి. ఒకటి తాగడం ఆపి, తల తిప్పి, ఆవిడని చూసి మళ్ళీ మూతి పెట్టింది. జౌకలా నిలబడింది. పదినిమిషాలో, గంటో. ఇంటికొచ్చేసరికి మరిది పెళ్ళాం పిల్లని పొడిగుడ్డతో తుడిచేసింది. "ఏం అక్కా, నది దాకా వెళ్ళావా?" అని అడిగింది. జౌకలా పొయ్యిమీద నీళ్ళు పెట్టి, ఆ పొయ్యి ముందే కూచుని ఏడ్చింది.

మళ్ళీ కార్తీకం. మళ్ళీ అస్మిత. ఏడాదైంది కదా, పని ఎలా జరిగిందో సరిచూడాలిట. మళ్ళీ ముంగిలి ఊడ్చారు, మళ్ళీ దేవ్‌సరా చేట వచ్చింది. "దిదీ!" అంటూ అస్మిత ఎదురొచ్చింది. "మీ ఫొటో ఎంతమందికి నచ్చిందో తెలుసా? కింద నీళ్ళు వచ్చాయా?"

"వచ్చాయి మిస్."

ఊరు వేశారు. పై వాడ ముప్ఫైనాలుగు గింజలూ కుదురుగా కూచున్నాయి. జౌకలాని ఎవరూ పిలవలేదు. తనే లేచింది. తిన్నగా వెళ్ళి చేటలో చెయ్యి ముంచింది. మణికట్టుదాకా ముంచి, కలియబెట్టి, పిడికెడు తీసింది. వాగు దాటి, కింద వాలులో, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ పదకొండు గింజలు పెట్టింది. మిగిలినవి పై వాడ గింజలమీద, వాళ్ళ ఇళ్ళమీద జల్లింది.

"అయ్యో నా గింజలు! దీని చేతులు పడిపోను, చేటెడు గింజలూ!" దేవ్‌సరా గుండెలు బాదుకుంది.

అస్మితకి ఏమీ అర్థంకాలేదు. "దిదీ, అక్కడ కొట్టాలు కదా? బొగ్గులు పెట్టాలి."

"ఇళ్ళు మిస్. పోయినేడూ ఇళ్ళే. నా ఇల్లు ఇది. మొన్న నా మనవరాలు పుట్టింది ఇందులోనే."

ఆ పిల్ల పుస్తకం తెరిచి చూసుకుంది, మూసింది. "అప్పుడే నాకు చెప్పాల్సింది దిదీ."

"చెప్పాల్సిందే. మీరు దిగి చూడాల్సింది కూడా."

అస్మిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచి పిల్లే, పాపం. కానీ కన్నీళ్ళతో కుళాయి రాదు. ఈ ఏడు మార్చడానికి వీల్లేదుట, వెనక పేజీలో రాస్తుందిట, తర్వాతి ప్రణాళికలో తప్పకుండా చూస్తారుట. "నాలుగేళ్ళు, దిదీ. నాలుగేళ్ళే" అంది.

సాయంత్రానికి జనం వెళ్ళిపోయారు. మైలపడ్డ గింజలు ఏరడానికి ఎవరూ వంగలేదు. చేట కూడా వదిలేసి పోయింది దేవ్‌సరా. కర్ణజిత్ ఒక్కడే కాసేపు నిలబడి, "గింజలు పాడుచేశావు. ఏమొచ్చిందే నీకు?" అన్నాడు.

"కూరొచ్చింది ముఖియా" అంది జౌకలా.

నేలమీద కూచుని ఒక్కొక్క ఇల్లే ఏరింది. ముఖియా ఇల్లు, బడి పక్క ఇల్లు, ఊట పక్క ఇల్లు, తన ఇల్లు, అన్నీ ఒకే కొంగులో పడ్డాయి. కింద వాడలో పదకొండు ఇళ్ళకీ సరిపోతాయి. పబిసరా చూసి నవ్వాపుకోలేక, "అత్తా, ఊరంతా వండేస్తావా?" అంది. జౌకలా కూడా నవ్వింది, చాలా రోజులకి.

గింజలు నానబెట్టాలి. సొట్ట బిందె తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది. దేవ్‌సరా ఎర్రావు నీళ్ళలో మూతి పెట్టి ఉంది. అది తల ఎత్తేదాకా జౌకలా బిందె పట్టుకుని నిలబడింది.